ఆకుపచ్చ నడికట్టు మెరవకూడదు: గవేన్ కథను 26 నిమిషాల్లోకి దించిన కేసు

హైదరాబాద్‌లో బయటి దేశాల వాళ్లకు యానిమేషన్ చేసిపెట్టే స్టూడియోలకు కొదవ లేదు. అలాంటి ఒకచోట స్క్రిప్టు, స్టోరీబోర్డు (సినిమాను షాటు షాటుగా గీసుకునే బొమ్మలు) చూసుకోవడం నా పని. మామూలుగా స్క్రిప్టు అక్కడే ఖాయమై వస్తుంది, మేం బొమ్మలు కదిలించి పంపేస్తాం. ఈసారి లండన్ నుంచి వచ్చింది మాత్రం రెండు పేజీల నోటు. ఆర్థర్ రాజు కథల్లోంచి సర్ గవేన్, ఆకుపచ్చ వీరుడి కథను పన్నెండేళ్లు దాటిన పిల్లల కోసం 26 నిమిషాల సినిమా చెయ్యాలి, కథనం కూడా మీరే కట్టుకోండి అని. ఎగిరి గంతేశాం. ఆ గంతుకు నాలుగు డ్రాఫ్టులు, రెండు యానిమాటిక్‌లు (బోర్డు బొమ్మల్ని నిడివి ప్రకారం పేర్చి చూసుకునే కచ్చా సినిమాలు) ఖర్చయ్యాయి. ఎక్కడ తప్పటడుగు వేశామో, ఎక్కడ కుదిరిందో ఈ పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆర్థర్ పేరెత్తగానే అందరూ థామస్ మాలరీ రాసిన పుస్తకం పట్టుకుంటారు. 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన ఆ పుస్తకంలో పుట్టుక నుంచి చావు దాకా ఆర్థర్ చరిత్రంతా ఉంటుంది. దాన్నుంచి సినిమా తియ్యడమంటే ఏం వదిలెయ్యాలో తేల్చుకోవడమే. గవేన్ కథ వేరే రకం. ఇది 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు వాయవ్య ప్రాంతపు యాసలో పుట్టిన కావ్యం. 101 చరణాలు, 2,530 పంక్తులు. కవి పేరు ఎవరికీ తెలియదు. ఉన్నది ఒకే ఒక్క రాతప్రతి. 1731లో లండన్‌లో, రాబర్ట్ కాటన్ అనే ఆయన సేకరించిన గ్రంథాలు దాచిన ఆష్‌బర్నమ్ హౌస్ తగలబడి ఎన్నో ప్రతులు కాలి మసైపోతే ఇది బతికి బయటపడింది. 1839లో ఫ్రెడరిక్ మాడెన్ అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆ రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. కొత్త సంవత్సరం విందు. ఏదో ఒక వింత చూస్తేనో వింటేనో తప్ప ముద్ద ముట్టనని ఆర్థర్ పట్టు. అంతలో ఒళ్లూ జుట్టూ గుర్రమూ అన్నీ ఆకుపచ్చగా ఉన్న భారీ మనిషి గుర్రం దిగకుండానే సభలోకి వస్తాడు. ఒక చేతిలో ముళ్ల ఆకుల హోలీ చెట్టు కొమ్మ, రెండో చేతిలో గొడ్డలి. నన్నొక దెబ్బ కొట్టండి, ఏడాది మీద ఒక రోజుకి అదే దెబ్బ నా దగ్గర తినండి అంటాడు. రాజు మేనల్లుడు గవేన్ లేచి అతని తల నరికేస్తాడు. ఆ మనిషి తన తలను తానే తీసుకుని, ఆ తల చేతనే గడువు గుర్తుచేయించి వెళ్లిపోతాడు. ఏడాది తిరిగాక గవేన్ అతన్ని వెతుక్కుంటూ పోయి క్రిస్మస్ ముందురోజు ఒక కోట చేరతాడు. కోట దొర ఇంకో ఆట పెడతాడు: నేను వేటకు పోతాను, నువ్వు ఇంట్లో ఉండు, సాయంత్రం ఎవరికి దొరికింది వాళ్లు రెండోవాళ్లకు ఇచ్చెయ్యాలి. మూడు పొద్దులు దొర భార్య గవేన్ పడకగదికి వస్తుంది. మొదటి రోజు ఒక ముద్దు, మర్నాడు రెండు, మూడో రోజు మూడు. వాటిని గవేన్ దొరకు నిజాయితీగా అప్పగిస్తాడు. మూడో రోజు ఆవిడ ఇచ్చిన ఆకుపచ్చ పట్టు నడికట్టు మాత్రం దాచేస్తాడు. అది కట్టుకున్నవాణ్ణి ఎవరూ చంపలేరట. చివరికి గొడ్డలి కింద మెడ వంచితే రెండు ఉత్తుత్తి వేట్లు, మూడో వేటుకు మెడ మీద చిన్న గాటు. కొట్టినవాడు ఆ కోట దొర బెర్టిలాకే. ఆ గాటు నడికట్టు దాచినందుకు.

మొదటి డ్రాఫ్టులో మేం చేసిన పెద్ద తప్పు ఆ నడికట్టుతోనే. బోర్డులో దాన్ని మెరిపించాం. దొరసాని చేతుల్లోంచి గవేన్ చేతిలోకి వస్తుంటే పట్టు దారాల మీద వెలుగు పాకుతుంది, సంగీతం లేస్తుంది. క్లయింటు నోటులోనే "మాయ కనిపించాలి" అని ఉంది, మాకూ సరదాగానే అనిపించింది. యానిమాటిక్ కట్టి చూస్తే చివరి సీను చచ్చి కూచుంది. గవేన్ మెడ వంచుతాడు, గొడ్డలి లేస్తుంది, చూసేవాళ్లలో ఎవరికీ గుండె దడ లేదు. నడికట్టు పనిచేస్తుందని మెరిపించి మేమే హామీ ఇచ్చేశాం, ఇక భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మళ్లీ కావ్యం తీశాను. కవి ఎక్కడా అది పనిచేస్తుందని చెప్పడు. దొరసాని చెబుతుంది, గవేన్ నమ్ముతాడు, అంతే. గొడ్డలి నిజంగా దిగి ఉంటే ఏమయ్యేదో కథ ముగిశాక కూడా తేలదు. కథంతా ఆ తేలకపోవడం మీదే నిలబడింది.

ఇదంతా మీటింగులో వివరిస్తున్నాను. గౌరవం, మాట తప్పడం, మధ్యయుగపు వీరధర్మం అంటూ నా పాట నేను పాడుకుంటుంటే మా బోర్డు కుర్రాడొకడు మధ్యలో అన్నాడు: "అన్నా, ఇది తాయెత్తు కదా! మా అమ్మ పరీక్షలకి కట్టేది. ఫ్రెండ్స్ చూస్తారని చొక్కా లోపలికి తోసేసేవాణ్ణి." అంతే, నేను మూసుకున్నాను. తాయెత్తు మెరవదు. పనిచేస్తుందో లేదో కట్టుకున్నవాడికే తెలియదు, అయినా తీసి పారెయ్యలేడు, ఎవరన్నా చూస్తే సిగ్గు. రెండో డ్రాఫ్టులో ఆ సీనులో మిగిలినవి మూడు షాట్లు. పట్టు చేతిలో నలగడం, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గది చుట్టూ తిరిగే చూపు, మూత పడిన పెట్టె. సంగీతం లేదు. లండన్ ప్రొడ్యూసరు మెరుపు ఏమైందని రెండుసార్లు అడిగారు. రెండోసారి వివరణ రాయకుండా రెండు యానిమాటిక్‌లూ పక్కపక్కన పెట్టి పంపాను. ఆ తర్వాత అడగలేదు.

ఇదే కథతో వచ్చిన సినిమాలు పని మొదలుపెట్టకముందే చూశాం. స్టీఫెన్ వీక్స్ అనే దర్శకుడు దీన్ని 1973లో ఒకసారి, 1984లో ఇంకోసారి తీశాడు. రెండోదాంట్లో ఆకుపచ్చ వీరుడు షాన్ కానరీ. గవేన్‌కు ఏడాది గడువుతో ఒక పొడుపుకథ ఇచ్చి ఊళ్లమీద తిప్పుతాడు. తెరమీద హీరో ఏడాదిపాటు ఏం చేస్తుంటాడన్న ప్రశ్నకు అది వాళ్ల జవాబు. మాకు అదో హెచ్చరికలా పనికొచ్చింది. 2021లో డేవిడ్ లోవరీ తీసినదాంట్లో గవేన్ దేవ్ పటేల్, తల్లి సరితా చౌదరి. లోవరీ అన్నిటికంటే తెలివైన మార్పు నడికట్టు దగ్గరే చేశాడు. ప్రయాణం మొదట్లోనే తల్లి చేత కట్టించి, దారిలో దొంగలపాలు చేసి, మళ్లీ దొరసాని చేత ఇప్పించాడు. కాబట్టి అది చివర్లో ఊడిపడిన వస్తువు కాదు, పోగొట్టుకుని మళ్లీ దొరికిన రక్ష. పైగా అతని గవేన్ ఇంకా వీరుడు కాలేదు, కావాలని ఆరాటపడే కుర్రాడు. కావ్యంలోని గవేన్ అప్పటికే పేరు మోసినవాడు. లోవరీకి రెండు గంటలు దాటిన నిడివి ఉంది, ఎదిగే కుర్రాణ్ణి చూపించగలడు. మాకు 26 నిమిషాలు. ముందే ఎదిగినవాడు జారితే కనిపించే జారుడు మాకు చాలు. అందుకే ఆ దారి పట్టలేదు.

ప్రయాణం విషయానికొస్తే, క్లయింటుకి డ్రాగన్లు కావాలి. కావ్యంలో ఉన్నాయి కూడా. పాములు, తోడేళ్లు, అడవిమనుషులు, ఎలుగుబంట్లు, రాక్షసులు, అన్నీ కొద్ది పంక్తుల్లో గబగబా దాటిపోతాయి. ఆ వెంటనే కవి అనే మాట: పోరాటాలు అతన్ని అంత బాధపెట్టలేదు, చలికాలం అంతకంటే ఘోరం. గవేన్ ఇనుప కవచంతోనే బండల మధ్య పడుకుంటాడు, తలమీద మంచు సూదుల్లా గడ్డకట్టి వేలాడుతుంటుంది. మొదటి డ్రాఫ్టులో నాలుగు నిమిషాల డ్రాగన్ పోరాటం రాశాను, ఒప్పుకుంటున్నాను. తర్వాత దాన్ని పూర్తిగా తీసేసి 50 సెకన్లు పెట్టాం: కవచం లోపల మనిషి వణుకు, ఇనుము మీద ఇనుము టకటకమనే చప్పుడు, పైన వేలాడే మంచు కొస. డబ్బు మిగిలింది కాబట్టి అందరూ సంతోషించారు. నా సంతోషం వేరు. ముఖం పైకి గొడ్డలిలా వేలాడే ఆ కొస తర్వాత రాబోయేదానికి జాగా చేసిపెట్టింది.

ఏడాది గడవడం చూపించడం కూడా ఇలాంటిదే. కవి ఋతువుల మీద అందంగా రాశాడు. తెరమీద ఋతువులంటే చెట్టు చిగిర్చి, పూసి, రాలే షాటు. దాన్ని ఎన్నిసార్లు చూశామో. కావ్యంలోనే ఒక చిన్న విషయం కాపాడింది. ఆకుపచ్చ మనిషి వెళ్లిపోయాక ఆర్థర్ నవ్వుతూ, గొడ్డలి తగిలించెయ్, కొట్టింది చాలు అంటాడు. దాన్ని వేదిక పైన గోడకు వేలాడదీస్తారు. మా ఏడాదంతా ఆ గోడే. గొడ్డలి కదలదు, దాని మీద పడే వెలుగు మారుతుంది, కింద పొయ్యి వెలుగుతుంది, ఆరుతుంది, ఎవరో బల్లలు తుడుస్తారు, గవేన్ భోజనానికి ప్రతిసారీ దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. చివరి భోజనంలో దానికి ఎదురుగా కూర్చుంటాడు. 40 సెకన్లు, ఒకే బ్యాక్‌గ్రౌండు.

తల నరికే సీను గురించి క్లయింటుతో రెండు వారాలు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. పిల్లల సినిమా, రక్తం ఎంత చూపించొచ్చు అన్నది వాళ్ల బెంగ. మూలంలో దొర్లిన తలను సభికులు కాళ్లతో తంతారు. నేను చదివినప్పుడల్లా ఒళ్లు జలదరించే పంక్తి అది. వీరులూ రాజబంధువులూ ఉన్న సభ, భయంతోనో సరదాతోనో, ఒక మనిషి తలను తన్నుతుంది. కెమెరాను నేలకు దించేశాం. ఆ సీనంతా చెప్పులూ బూట్లూ, వాటి అంచుల దాకా వేలాడే అంగీలూ. ఆకుపచ్చ గుండ్రని బంతిలాంటిది ఫ్రేములోకి దొర్లుతుంది, ఒక బూటు తోస్తుంది, ఇంకోటి తోస్తుంది, ఎవరిదో ఇకిలింపు. తర్వాత రెండు పెద్ద ఆకుపచ్చ పాదాలు తడబడకుండా నడిచొస్తాయి. బూట్లన్నీ వెనక్కి. ఓ చెయ్యి దిగి జుట్టు పట్టుకుంటుంది. ఒక్క ఎర్ర చుక్క. అక్కడ ఆకుపచ్చ మీద ఎరుపు పడిందని కవి చెప్పింది అక్షరాలా పాటించాం. సెన్సారు బెంగా తీరింది, సభ మర్యాద ఏపాటిదో కూడా చెప్పినట్టయింది. ఆ బూట్లే చివర్లో మళ్లీ పనికొచ్చాయి.

రంగుల ప్లానులో ఒక నవ్వులాట జరిగింది. నోట్సులో "పచ్చ" అని తెలుగులో రాశాను. మా కలర్ ఆర్టిస్టు గోదావరి జిల్లా మనిషి, ఆమెకి పచ్చ అంటే పసుపే. దొరసాని గది పసుపు కొట్టినట్టు తయారై వచ్చింది. ఆ తర్వాత ప్రతి నోటులోనూ ఆకుపచ్చ అని పూర్తిగా రాయడం అలవాటైంది. నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాం: ఆకుపచ్చ వీరుడు ఆర్థర్ కొలువైన కామెలాట్ వదిలాక నడికట్టు కనబడేదాకా తెరమీద ఆ రంగు ఎక్కడా ఉండకూడదు. కోట చుట్టూ ఉన్న అడవి కూడా గోధుమరంగు, బూడిద, తెలుపు. చలికాలం కాబట్టి అది అబద్ధం కాదు.

మాయగాడు ఎవరో దాచడం ఇంకో తలనొప్పి. కావ్యంలో వినేవాడికి దొరే ఆకుపచ్చ వీరుడని తెలియదు, కవి చెప్పడు కాబట్టి. తెరమీద మనిషి కళ్లముందు ఉంటాడు, గొంతు వినబడుతుంది. 2021 సినిమాలో ఇద్దరు వేర్వేరు నటులు వేశారు, ఇద్దరూ ఒకటేనని ఎక్కడా నోటితో చెప్పించలేదు. మాకు చెప్పాలి, ఎందుకంటే మూడు రోజులకు మూడు వేట్లు అన్న లెక్క తెలియకపోతే ఈ కథలో న్యాయం అర్థం కాదు. ముఖాలు పూర్తిగా వేరుగా గీసి చేతులు మాత్రం ఒకటే పెట్టాం. పాత్ర ఎలా ఉండాలో గీసిపెట్టుకునే మోడల్ షీటులో పొట్టి వేళ్లు, వెడల్పు గోళ్లు, వస్తువు ఇచ్చేటప్పుడు బొటనవేలు పైకి లేచే అలవాటు. గొంతు ఒకే నటుడిది, సభలో అరుపు, కోటలో నవ్వు. మా ఆఫీసులో చూసిన పదకొండు మందిలో ఇద్దరు ముందే పట్టేశారు. అంతమాత్రం పట్టుబడటం మంచిదే అనిపించింది.

వేటా పడకగదీ గీయడానికి మాత్రం కవే ఎడిటర్‌లా కూచుని కట్ చేసి ఇచ్చాడు. వేట మొదలు, అక్కడ ఆపి పడకగది, మళ్లీ వేట ముగింపు, సాయంత్రం బేరం. మూడు రోజులూ అదే వరస: మొదట లేళ్లు, తర్వాత అడవిపంది, చివర నక్క. మేం వరస మార్చలేదు, నిడివులు మార్చాం. మొదటి పొద్దున దొరసాని లోపలికొస్తుంటే గవేన్ మంచం చుట్టూ కట్టిన తెర అంచు కొద్దిగా ఎత్తి చూసి, మళ్లీ నిద్ర నటిస్తాడు. మహావీరుడు దొంగనిద్ర పోవడం! ఆ తెర అంచు, దాని వెనక ఒక కన్ను, దీనికి మా సినిమాలో ఏడు సెకన్లు ఇచ్చాను, ఎవరేమన్నా తగ్గించలేదు. ముద్దుల అప్పగింత దగ్గర క్లయింటు ఇబ్బందిపడ్డారు. కావ్యంలో అది మంచి హాస్యం. దొర, ఈ ముద్దు నీకెక్కడ దొరికిందయ్యా అని అడిగితే, అది చెప్పాలన్న షరతు లేదుగా అంటాడు గవేన్. ఆ ఒక్క మాటా ఉంచితే సీను తేలికైపోయింది. వకీలులా షరతుల అంచున నడిచేవాడే మూడో రోజు ఆ షరతే మీరతాడు కదా.

ఇక నక్క. దొర కత్తి విసిరితే నక్క దాన్ని తప్పించుకోబోయి పక్కకు ముడుచుకుంటుంది, అలా తప్పుకోబోవడం వల్లే వెనక నుంచి వచ్చే కుక్క నోట పడుతుంది. చివర్లో ఆకుపచ్చ వీరుడు రమ్మన్న గుడి దగ్గర గొడ్డలి దిగుతుంటే గవేన్ భుజాలు కూడా అలాగే ముడుచుకుంటాయి. కవి రెండుచోట్లా పదునుకు జంకడమనే మాటే వాడాడు. యానిమేషన్‌లో ఇలాంటిది దొరికితే పండగే. నక్క ముడుచుకున్న కీ పోజ్‌ను (కదలికలో ముఖ్యమైన భంగిమను) ట్రేస్ చేసి, ఆ గీత మీదే గవేన్ వీపు కట్టించాను. చూసేవాడు పోల్చుకోనక్కర్లేదు, వంపు ఒకటే కాబట్టి ఒంటికి తెలుస్తుంది.

మోర్గన్ లె ఫే అనే మంత్రగత్తె దగ్గర మాత్రం ఓడిపోయాం. కోటలో దొరసాని పక్కన నల్లటి కనుబొమ్మలు, గడ్డం దాకా బిగించిన ముసుగుతో ఒక ముసలావిడ ఉంటుంది. చివర్లో బెర్టిలాక్, ఇదంతా ఆవిడ పని, ఆవిడే మోర్గన్, గ్వినివేర్ రాణిని భయంతో చంపాలని నన్ను పంపింది అని కొన్ని పంక్తుల్లో తేల్చేస్తాడు. చదువుతుంటేనే అతికించినట్టుంటుంది. మూడో డ్రాఫ్టులో ఆ సంభాషణ తీసేసి ముసలావిణ్ణి ప్రతి విందులోనూ ఓ మూల కూర్చోబెట్టి వదిలేశాం. చూసిన పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, ఆ ముసలమ్మ ఎవరు అని. ఉంచితే చెప్పాలి, చెప్పకపోతే తీసెయ్యాలి. మేం రెండూ చెయ్యలేదు.

డాలు మీది గుర్తు గురించి చెప్పాలి. ఎర్రటి డాలు మీద బంగారు ఐదుకొనల నక్షత్రం. ఐదు ఇంద్రియాలు, ఐదు వేళ్లు, క్రీస్తు ఐదు గాయాలు, మేరీమాత ఐదు ఆనందాలు, ఐదు సుగుణాలు. నాకు ఆలస్యమైనా సరే చెబుతా అని కవే ఒప్పుకుని సుమారు 50 పంక్తులు ఆ వివరణకే ఇచ్చాడు. మాకు అంత ఓపిక లేదు. ఐదు అయిదుల్లో ఒక్కటీ ఉంచలేదు. ఉంచింది ఒక లక్షణం మాత్రమే: ఆ నక్షత్రం ఎక్కడా తెగని గీత. మెలికల ముగ్గులా, చెయ్యెత్తకుండా వేసేది. మొదట్లో డాలు మీద కుంచె ఆ గీత పూర్తి చెయ్యడం చూపిస్తాం. చివర్లో గవేన్ నడికట్టును ఛాతీకి అడ్డంగా వేసుకుని ఎడమ చంక కింద ముడి వేసుకుని వస్తాడు. తెగని గీత ఒకటి, తెగినదాన్ని కలిపిన ముడి ఒకటి, ఒకే ఫ్రేములో. మాటల్లో చెప్పబోయి రెండుసార్లు విఫలమయ్యాక ఇలా కుదిరింది.

ముగింపులో గవేన్ తన తప్పు సభకు చెబుతాడు, సిగ్గుతో ముఖం ఎర్రబడుతుంది. సభ నవ్వుతుంది. అందరూ అలాంటి ఆకుపచ్చ పట్టీ వేసుకోవాలని తీర్మానిస్తుంది. ఓదార్పా, ఎగతాళా? ప్రొడ్యూసరు గవేన్ కూడా నవ్వాలన్నారు. నవ్వే గవేన్‌నీ నవ్వని గవేన్‌నీ గీయించి, నవ్వనిదే పంపాం. నవ్వును ముఖాల మీద చూపించలేదు, కెమెరా మళ్లీ నేల మీదకు వెళ్లింది. అవే బూట్లు, ఇప్పుడు ఆకుపచ్చ పట్టీల కొసలు వాటి పక్కన వేలాడుతూ.

సినిమా అప్పగించి మూడు నెలలయ్యాక వేరే పనిమీద కావ్యం మళ్లీ తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. మొదటి రెండు సాయంత్రాలూ దొరే ముందు తన వేట అప్పగిస్తాడు, తర్వాత గవేన్ తన ముద్దులు. మూడో సాయంత్రం గవేన్ నేలకు జీరాడే నీలం అంగీ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంటాడు. దొర లోపలికి రాగానే ఎదురెళ్లి, ఈసారి ముందు నేనే ఇస్తానని మూడు ముద్దులూ గబగబా ఇచ్చేస్తాడు. దాచినవాడి తొందర అది. ఒక్క మాటలో చెప్పకుండా మొత్తం చెప్పే చోటు. మేం వరస పాటించాలనే యావలో మూడో రోజు కూడా దొర చేతే ముందు నక్క తోలు బల్లమీద పెట్టించాం. నాలుగు డ్రాఫ్టుల్లో ఎవరమూ గమనించలేదు. బోర్డు కుర్రాడికి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆరు షాట్లే కదన్నా, వరస మారిస్తే సరిపోయేది."